దిర్హామ్ రేటు పెరిగేదాకా ఆగి పంపితే లాభమా?

యూఏఈ నుంచి నెలకు 3,000 దిర్హాములు ఇంటికి పంపుతున్నారు, ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉంది, రేటు ఇంకా పెరుగుతుందని రూమ్‌లో వాళ్లు ఆగమంటున్నారు. ఇదీ మీ ప్రశ్న. ఆ అప్పు తీరేదాకా ఆగొద్దు.

లెక్క సులువుకి దిర్హామ్ 23 రూపాయలనుకుందాం. 3,000కు 69,000 వస్తాయి. నెల ఆగితే దాని మీద వడ్డీ 1,380. అంత రాబట్టాలంటే ఆ ఒక్క నెలలోనే రేటు 46 పైసలు పెరగాలి. అలా పెరిగిన నెలలున్నాయి, తగ్గినవీ ఉన్నాయి. వడ్డీ మాత్రం ఏ నెలా ఆగదు. 10 పైసలు పెరిగిందని అందరూ సంబరపడుతుంటారు గానీ మీ సొమ్ము మీద అది 300 రూపాయలే. బ్యాంకులో బంగారం పెట్టి ముప్పావలా వడ్డీకి తెచ్చిన అప్పయితే 17, 18 పైసలు పెరిగినా సరిపోతుంది, అక్కడ కొన్నాళ్లు ఆగడంలో కాస్త అర్థముంది.

దిర్హామ్ తనంతట తాను పెరగదు, తగ్గదు. 1997 నుంచి డాలర్‌కు 3.6725 దిర్హాములని కట్టేశారు. సౌదీ రియాల్ కూడా అంతే, డాలర్‌కు 3.75. అంటే మీరు చూడాల్సింది డాలర్–రూపాయి రేటు: అమెరికాలో వడ్డీ రేట్లు, చమురు ధర, మన రిజర్వ్ బ్యాంక్ డాలర్లు అమ్ముతోందా లేదా. కువైట్‌లో ఉన్న కడప వైపు వాళ్లకు ఇది పూర్తిగా వర్తించదు. దినార్‌ను 2007 నుంచి కొన్ని కరెన్సీల కలగలుపుకు ముడిపెట్టారు, డాలర్ ఒక్కదాన్నే చూసి లెక్కేస్తే కొంచెం తేడా వస్తుంది.

రేటు ఎంతలా ఊగుతుందో 2013 చూస్తే తెలుస్తుంది. మే మొదట్లో డాలర్ 54 దగ్గర ఉంది, ఆగస్టు 28న 68 దాటింది. దిర్హామ్‌లో చూస్తే 14.70 నుంచి 18.70కి. అక్టోబర్‌కల్లా డాలర్ 61–62కు దిగింది. డాలర్ 70 చూశాకే పంపుదామని కూర్చున్నవాళ్లకు దిర్హామ్‌కు దాదాపు రెండు రూపాయలు పోయినట్టే.

రేటు కోసం ఎదురుచూసే ఓపికను డబ్బు పంపే ఎక్స్ఛేంజ్‌ల మధ్య తేడా చూడటం మీద పెట్టండి, అది మీ చేతిలో ఉన్న పని. బోర్డు మీది రేటు చూసి మోసపోవద్దు. ఖాతాలో పడే రూపాయలను, ఫీజు, దాని మీద వ్యాట్‌తో కలిపి మీ జేబులోంచి పోయే మొత్తం దిర్హాములతో భాగించండి. ఒకచోట రేటు 23, అన్నీ కలిపి ఫీజు 25 అనుకోండి: 69,000ను 3,025తో భాగిస్తే 22.81. ఇంకోచోట రేటు 22.85, ఫీజు లేదు: అదే మేలు. 10,000 దిర్హాములు పంపేటప్పుడు మాత్రం మొదటిదే మేలు, అక్కడ 22.94 పడుతుంది. ఈ రెండూ సమానమయ్యేది సుమారు 3,800 దిర్హాముల దగ్గర. అందుకే చిన్న మొత్తాలు నెలకు మూడుసార్లు పంపకుండా ఒకేసారి పంపండి.

శని, ఆదివారాల్లో కరెన్సీ మార్కెట్ మూసి ఉంటుంది. సోమవారం రేటు ఎలా తెరుచుకుంటుందో తెలియదు కాబట్టి చాలాచోట్ల జాగ్రత్తకు రేటు కాస్త తగ్గించి ఇస్తారు. అర్జెంటు లేకపోతే వారం మధ్యలో పంపండి.

బ్యాంకుతో పని లేకుండా చేతుల మీదుగా డబ్బు చేరవేసే హుండీ వాళ్లు నాలుగు పైసలు ఎక్కువిస్తారు. అది మన విదేశీ మారక చట్టం ఫెమాకు విరుద్ధం, పైగా చేతిలో రసీదు ఉండదు. రేపు స్థలం కొన్నప్పుడు డబ్బు ఎక్కడిదని ఆదాయపు పన్ను వాళ్లు అడిగితే చూపడానికి ఏమీ ఉండదు.

అందరూ తేలిగ్గా తీసుకునేది ఖాతా వివరాలు. డబ్బు వెనక్కొస్తే రూపాయలను మళ్లీ దిర్హాముల్లోకి మార్చేది ఆ రోజు రేటుకే, అదీ మీకు రూపాయలు అమ్మిన రేటు కాదు, ఎక్స్ఛేంజ్ వాటిని మీ దగ్గర తిరిగి కొనే రేటు; పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నష్టపోయేది మీరే. ఇంట్లో ఆంధ్రా బ్యాంక్ నాటి పాస్‌బుక్ చూసి ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఇస్తుంటారు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, ఏడాది తర్వాత పాత కోడ్‌లు పోయాయి. ఇప్పుడు యూబీఐఎన్‌తో మొదలయ్యే కోడ్ కావాలి. పేరు కూడా ఆధార్‌లో ఉన్నట్టు కాదు, ఖాతాలో ఉన్నట్టు, ఇంటిపేరు ముందుంటే ముందే రాయండి.