ఆఫ్రికా వర్షారణ్యంలో ఏటి ఒడ్డు బస: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మా వారికి వచ్చే మాఘమాసంలో అరవై ఏళ్లు నిండుతాయి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి షష్టిపూర్తి కానుకగా మమ్మల్ని ఉగాండాకు పంపుతానంటున్నాడు. ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఏడు రాత్రులు, నాలుగు లాడ్జీలు అని రాసి ఉంది. అందులో రెండు రాత్రులు బ్విండి అడవిలో, నది ఒడ్డున ఉన్న చాలా ఖరీదైన లాడ్జిలో బస. మేము ప్రతి ఏటా అహోబిలం వెళ్లేవాళ్లం, నల్లమల మాకు కొత్త కాదు. అంత డబ్బు పోసి మరొక అడవిని చూడబోవడంలో అర్థం ఉందా? ఈ వయసులో గొరిల్లాల దాకా నడవగలమా? మా అమ్మాయి కొడుకు, పన్నెండేళ్లవాడు, తానూ వస్తానని పట్టుబడుతున్నాడు. ముందుగా ఏమేమి చూసుకోవాలి?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, కర్నూలు)

సమాధానం: తప్పకుండా వెళ్లండమ్మా, కానీ ఆ కాగితంలో ఉన్న విధంగా మాత్రం వెళ్లకండి. ఏడు రాత్రులలో నాలుగు లాడ్జీలు అంటే మీరు చూసేది అడవిని కాదు, కారు కిటికీని. ఎంటెబె విమానాశ్రయం నుండి బ్విండికి రోడ్డు మీద వెళితే తొమ్మిది, పది గంటలు పడుతుంది. చింపాంజీలుండే కిబాలే నుండి బ్విండికి రావాలన్నా దాదాపు ఒక పగలంతా ప్రయాణానికే పోతుంది. ఉత్తరాన ఉన్న మర్చిసన్ జలపాతాన్ని కూడా ఇదే వారంలో ఇరికించి ఉంటే దానిని నిర్మొహమాటంగా కొట్టివేయించండి. బ్విండిలో కనీసం నాలుగు రాత్రులు, తిరుగు దారిలో మరొక్క చోట రెండు రాత్రులు, విమానాశ్రయం దగ్గర ఒక రాత్రి ఉండేలా మార్పించుకోండి. ఊరూరా తిరిగే ఖర్చు బహుశా తగ్గుతుంది కూడా. డబ్బును ఊర్ల సంఖ్య మీద కాకుండా ఒకే చోట గడిపే రాత్రుల మీద పెట్టమని నేను ఇంతగా చెప్పడానికి కారణం వర్షారణ్యం స్వభావంలోనే ఉంది.

నల్లమల ఆకురాల్చే అడవి. వేసవిలో చెట్లు మోడువారినప్పుడు అర మైలు దూరంలోని కొండవాలు కూడా కనబడుతుంది, ఎండుటాకుల మీద దుప్పి అడుగు వేస్తే వినబడుతుంది. బ్విండి ఏడాది పొడుగునా పచ్చగా ఉండే కొండ అడవి. 1,160 మీటర్ల నుండి 2,600 మీటర్ల ఎత్తు వరకు, దాదాపు 330 చదరపు కిలోమీటర్లలో వ్యాపించి ఉంది. మంచుయుగపు కరువుకాలంలో ఆఫ్రికాలోని చాలా అడవులు కుంచించుకుపోయినా ఇది నిలిచింది. దీని వయసు ఇరవై ఐదు వేల ఏళ్లకు పైమాటే. ఆకుల కప్పు కింద వెలుతురు అంతంత మాత్రమే కాబట్టి పది అడుగుల అవతల ఏముందో తెలియదు. మొదటి రోజున మీకు ఏమీ కనబడదు, పచ్చదనం మాత్రమే గోడలా నిలబడి ఉంటుంది. రెండో రోజుకు చెవి అలవాటుపడి ఏది కప్ప అరుపో, ఏది పక్షి కూతో, ఏది కొమ్మ విరిగిన చప్పుడో వేరుచేయగలుగుతారు. మూడో రోజు ఉదయం వసారాలో కూర్చుని ఉండగా నలుపు తెలుపు బొచ్చు కొలొబస్ కోతులు ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు దూకుతూ కనబడతాయి. అవి మొదటి రోజునా అక్కడే ఉండి ఉంటాయి, మీ కన్నే వాటిని చూడలేదు. రెండు రాత్రులకే పెట్టె సర్దుకునేవారికి ఈ మూడో రోజు దక్కదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు చేసిన పొరపాటు ఇదే కనుక మీరు చేయకూడదని కోరుకుంటున్నాను.

లాడ్జి అన్న మాట గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. మన బస్టాండు పక్కన ఉండే లాడ్జికీ దీనికీ పోలిక లేదు. అడవి అంచున విడివిడిగా కట్టిన ఎనిమిదో పదో కుటీరాలు, ఉమ్మడి భోజనశాల, పెద్ద వసారా, బురద బూట్లను సాయంత్రానికల్లా కడిగి పెట్టే పనివారు, చలి రాత్రులలో పక్కలో పెట్టే వేడినీళ్ల సంచి, ఇవన్నీ కలిస్తే అక్కడి లాడ్జి. ఒక్కొక్కరికి రాత్రికి వందల డాలర్లు తీసుకునేవి ఉన్నాయి. భోజనం సాధారణంగా అందులోనే కలిసి ఉంటుంది. నది అన్న మాటకు మాత్రం తుంగభద్రంత వెడల్పును ఊహించుకోకండి. బ్విండి అంచునున్న బుహోమా అనే ఊరి వైపు అడవిలో పారే మున్యాగా నది నిజానికి రాళ్ల మీద దూకుతూ వచ్చే ఒక వాగు. అయినా చిన్నచూపు చూడవలసినది కాదు. అక్కడి వాగులన్నీ ఎడ్వర్డ్ సరస్సులోకి చేరతాయి, ఆ నీరు సెమ్లికి నది గుండా ఆల్బర్ట్ సరస్సుకు, అక్కడి నుండి తెల్ల నైలుకు వెళుతుంది. మీరు కాలు పెట్టిన నీరు ఈజిప్టు దారి పట్టిందని మీ మనవడికి పటంలో చూపించవచ్చు. గది ఎంచుకునేటప్పుడు వాగు వైపున్న కుటీరమే కావాలని ముందుగానే రాసి అడగండి. రాత్రంతా ఆ నీటి చప్పుడు వింటూ పడుకోవడం ఆ బసలో నాకు అన్నిటికన్నా ఎక్కువ నచ్చిన సంగతి.

ఇక గొరిల్లాల సంగతి. ప్రపంచంలో మిగిలిన కొండ గొరిల్లాలు వెయ్యికి కాస్త పైన మాత్రమే. వాటిలో సగానికి దగ్గరగా బ్విండి ప్రాంతంలోనే ఉన్నాయి, మిగిలినవి విరుంగా అగ్నిపర్వతాల మీద ఉన్నాయి. ఏ జంతుప్రదర్శనశాలలోనూ ఇవి లేవు. చూడాలంటే ఉగాండా వన్యప్రాణి సంస్థ ఇచ్చే అనుమతి పత్రం ఉండాలి. విదేశీయులకు దాని రుసుము 2024 జూలై నుండి 800 డాలర్లు. పొరుగున ఉన్న రువాండాలో 2017 నుండి 1,500 డాలర్లు. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరకు రోజుకు ఎనిమిది మందిని మాత్రమే పంపుతారు, కనుగొన్న తరువాత ఒక్క గంటే ఉండనిస్తారు. మనుషుల జలుబు వాటికి ప్రాణాంతకం కాగలదు కాబట్టి ఆ ఉదయం దగ్గు, జ్వరం ఉన్నవారిని వెనక్కి పంపుతారు. ఈ నియమం ముందు డబ్బు పనిచేయదు, పనిచేయకూడదు కూడా.

నడక గురించి మీరే ఇంట్లో పరీక్షించుకోవచ్చు. ఎగువ అహోబిలం నుండి జ్వాలా నరసింహుని గుడికి మెట్లూ రాళ్లూ ఎక్కి, కిందికి దిగి, మరునాడు మామూలుగా లేచి తిరగగలిగితే మీరు బ్విండిలో నడవగలరు. ఒక్కొక్కప్పుడు గంటలోనే గొరిల్లాలు దొరుకుతాయి, ఒక్కొక్కప్పుడు ఐదారు గంటలు పడుతుంది. వాలు నిటారుగా, నేల జారుడుగా ఉంటుంది. సంచి మోయడానికి, చేయి పట్టి లాగడానికి స్థానిక యువకులు కూలికి దొరుకుతారు. మీ ఇద్దరికీ చెరొకరిని తప్పక పెట్టుకోండి, అది ఆ ఊరికి నేరుగా చేరే డబ్బు. అసలే నడవలేనివారిని అహోబిలంలో లాగానే డోలీ వంటి కుర్చీలో మోసుకువెళ్లే ఏర్పాటు కూడా ఉంది.

మనవడి విషయం బాధ కలిగించినా ఇప్పుడే చెప్పాలి. పదిహేనేళ్లు నిండనివారికి గొరిల్లాల అనుమతి ఇవ్వరు. నేను వెళ్లిన ఉదయాన ఒక కుటుంబం పద్నాలుగేళ్ల కూతురితో గేటు దాకా వచ్చింది. ఏజెంటు వారికి ఈ నియమం చెప్పలేదట. ఆ పిల్ల ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ మనవడికి ముందే చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకువెళ్లండి. మీరిద్దరూ చెరొక రోజు గొరిల్లాల దగ్గరకు వెళితే ఒకరు వాడితో ఉండవచ్చు. నాలుగు రాత్రులు ఉంటేనే ఇది కుదురుతుందని గమనించండి. అడవిలో దాదాపు 350 రకాల పక్షులున్నాయి, కనుక వాడికి ఒక మంచి బైనాక్యులర్ కొనిపెట్టండి.

ఆరోగ్యం దగ్గర అశ్రద్ధ వద్దు. ఉగాండాలో అడుగుపెట్టడానికి ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం తప్పనిసరి. అది లేకుండా తిరిగివస్తే మన దేశంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. ఈ టీకా కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే వేస్తారు. మీకు అందుబాటులో ఉన్నది హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. వేయించుకున్న పది రోజుల తరువాతే పత్రం చెల్లుతుంది, ఆపైన జీవితాంతం పనికివస్తుంది. అయితే ఇది బతికున్న, బలహీనపరచిన వైరస్‌తో చేసిన టీకా. అరవై దాటినవారిలో అరుదుగానైనా తీవ్రమైన దుష్ఫలితాలు ఎక్కువగా కనబడతాయి. అందువల్ల విమానం టిక్కెట్లకు డబ్బు కట్టకముందే మీ వారిని డాక్టరుకు చూపించి, ఈ టీకా ఆయనకు తగునో కాదో తేల్చుకోండి. గుడ్డు అలర్జీ ఉన్నా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా ఆ సంగతి దాచకండి. మలేరియా మాత్రలు వెళ్లే ముందే మొదలుపెట్టి, తిరిగివచ్చాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. మధ్యలో మానేయడమే చాలామంది చేసే తప్పు.

మిగిలినవి సులువు. వీసాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. ముంబయి నుండి ఎంటెబెకు 2023 అక్టోబరులో నేరు విమానం మొదలైంది. ఎంటెబె నుండి బ్విండికి దగ్గరలోని కిహిహి దాకా చిన్న విమానంలో వెళితే రోడ్డు శ్రమ తప్పుతుంది, కానీ మనిషికి పదిహేను కిలోల మెత్తని సంచి మాత్రమే అనుమతిస్తారు, గట్టి సూట్‌కేసు పనికిరాదు. మాఘం అక్కడ వానలు తక్కువగా ఉండే కాలమే, అయినా రెయిన్‌కోటూ స్వెట్టరూ రెండూ పెట్టుకోండి. మన దేశంలోని ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే దాని మీద మూలంలోనే పన్ను వసూలు చేస్తారు. మీ అబ్బాయి తన పాన్ మీద కడితే రిటర్ను వేసేటప్పుడు దానిని లెక్కలో చూపించుకోవచ్చు.

ప్రశ్న: గొరిల్లాల కోసం ఉగాండా కన్నా కాంగో మేలని ఒక మిత్రుడు అంటున్నాడు. అదీ కాక, ఇంత ఖరీదైన లాడ్జీలు అడవినీ అక్కడి ప్రజలనూ బాగుచేస్తున్నాయా, చెడగొడుతున్నాయా అన్న సందేహం నన్ను వదలడం లేదు. మా జిల్లాలో చినుకు కోసం ఎదురుచూసే రైతుల మధ్య పెరిగినవాడిని, అందుకే అడుగుతున్నాను.
(ఒక అధ్యాపకుడు, అనంతపురం)

సమాధానం: మీ మిత్రుడు చెప్పినది ఒక విధంగా నిజం. రిపబ్లిక్ ఆఫ్ కాంగోలోని ఒడ్జాలా-కొకువా జాతీయ పార్కు 1935 నాటిది. వైశాల్యం దాదాపు 13,500 చదరపు కిలోమీటర్లు. 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ ఉండేవి పల్లపు అడవుల గొరిల్లాలు. లెకోలి నదిలో పడవ మీద వెళ్లవచ్చు. అడవి నడుమ ‘బాయ్’ అని పిలిచే బురద మైదానాలలో మోకాలి లోతు నీటిలో నడుస్తూ, ఉప్పు లవణాల కోసం వచ్చే అడవి ఏనుగులనూ దున్నలనూ చూడవచ్చు. ఏటి ఒడ్డు వర్షారణ్యం అన్న మాటకు నిజమైన అర్థం అక్కడే ఉంది. కానీ ఖర్చు చాలా ఎక్కువ, వాడుక భాష ఫ్రెంచి, ఆసుపత్రి దూరం. చెమట కోసం ముఖం మీద ముసిరే చిన్న తేనెటీగల వల్ల తలకు వల కప్పుకోవలసివస్తుంది. ముప్పైలలో ఉన్నవారికైతే నేను కాంగోనే సిఫారసు చేస్తాను. పై ఉత్తరం రాసిన దంపతులకు చేయను.

మీ రెండో ప్రశ్న మరింత ముఖ్యమైనది. 1991లో బ్విండిని జాతీయ పార్కుగా ప్రకటించినప్పుడు తరతరాలుగా అడవిలో వేటాడి, తేనె తీసి బతికిన బత్వా ప్రజలను అక్కడి నుండి పంపివేశారు. వారికి తగిన భూమి దక్కలేదు, నేటికీ చాలామంది ఇతరుల పొలాలలో కూలికి పోతున్నారు. చెంచులను పులుల అభయారణ్యం నుండి కదిలించడం గురించి నల్లమలలో జరిగే వాదన తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. మరొక వైపున, పార్కు ప్రవేశ రుసుములో 20 శాతం చుట్టుపక్కల గ్రామాలకు ఇవ్వాలని అక్కడి చట్టం చెబుతోంది. కొండ గొరిల్లాల సంఖ్య పెరగడంతో 2018లో వాటి స్థితిని ‘అత్యంత ప్రమాదం’ నుండి ఒక మెట్టు తగ్గించారు. పర్యాటకుల డబ్బు లేకుండా ఇది జరిగి ఉండేది కాదని నా నమ్మకం. ఆ డబ్బుకు బత్వాలు చెల్లించిన మూల్యం మాత్రం ఇంకా తీరలేదు.

అందువల్ల లాడ్జిని ఎంచుకునేటప్పుడు గది ఫొటోలు చూడటంతో ఆగకుండా నాలుగు ప్రశ్నలు ఉత్తరం రాసి అడగండి. పనివారిలో ఆ ఊరివారు ఎందరు? బత్వాలకు జీతం మీద ఉద్యోగం ఉందా, లేక అతిథుల ముందు నాట్యం చేయడానికి మాత్రమే పిలుస్తారా? మురుగునీరు శుద్ధి అయిన తరువాత వాగులో కలుస్తుందా? వంటకు కట్టెలు ఎక్కడి నుండి వస్తాయి? నేను ఇలా అడిగినప్పుడు ఒక లాడ్జివారు రెండు పేజీల వివరంగా జవాబు రాశారు, మరొకరు ధరల పట్టిక పంపారు. ఎక్కడ దిగాలో నిర్ణయించుకోవడానికి నాకు అది సరిపోయింది. మీ జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మంచి ఏడు అంటారు, బ్విండిలో అంతకు మూడు రెట్లు పడుతుంది. నీటి విలువ తెలిసిన మీవంటివారు ఆ మూడో ప్రశ్నను గట్టిగా అడగాలి.

ప్రశ్న: మేము శాకాహారులం. అంత దూరపు అడవిలో మాకు తిండి దొరుకుతుందా?
(ఒక గృహిణి, కడప)

సమాధానం: దొరుకుతుంది. బుక్ చేసేటప్పుడే గుడ్డు కూడా తినమని స్పష్టంగా రాయండి, ఎందుకంటే గుడ్డు, చేప తింటే శాకాహారమే అనుకునే వంటవారు అక్కడ ఉన్నారు. పచ్చి అరటికాయలను ఆకులో ఉడికించి మెదిపిన మటోకే, చిక్కుడు గింజల కూర, శెనక్కాయల పులుసు అక్కడి ఇంటి వంటలు. మొక్కజొన్న పిండితో చేసే పోషో చూడగానే మీకు సంగటి గుర్తుకువస్తుంది. నిజానికి మన రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాలే, వేల ఏళ్ల కిందట అక్కడి నుండే మనకు వచ్చింది. ఖరీదైన లాడ్జీలు విదేశీ అతిథుల కోసం ఇటాలియన్ వంటలు వడ్డిస్తాయి కాబట్టి ఈ స్థానిక వంటలను అడిగితేనే పెడతారు. ముందు రోజు సాయంత్రమే వంటవారికి చెప్పి, పోషోతో శెనక్కాయల పులుసు చేయించుకోండి. కారం మాత్రం వారికి తెలియదు కనుక ఒక చిన్న డబ్బాలో బుడ్డల పొడి వెంట తీసుకువెళ్లండి. అయితే దానిని గదిలో కాక భోజనశాలలో ఉంచమని ఇవ్వండి, తిండి వాసనకు కోతులు కుటీరాలలో చొరబడతాయి.