మీటరు పాడవలేదు, వేడే అసలు కారణం

ఆక్లాండ్‌లో మీ ఇంట్లో బట్టీ పట్టిన స్పిరిట్‌లో ఆల్కహాల్ మీటరు (ఆల్కహాల్ శాతం చూపే, ద్రవంలో తేలే గాజు గొట్టం) 32 డిగ్రీల వద్ద 48 శాతం చూపిందనీ, ఆ లెక్కతో నీళ్లు కలిపి 40కి దించితే మర్నాడు 20 డిగ్రీల వద్ద 36 మాత్రమే వచ్చిందనీ రాశారు. దయచేసి ఆ మీటరును పారేయకండి. రెండో కొలతే నిజం.

ఈ మీటర్లు ఎక్కువగా 20 డిగ్రీల వద్ద సరిగ్గా చూపేలా గీసినవి. గాజు గొట్టం లోపలి కాగితం మీద ఆ అంకె ఉంటుంది, చూడండి. స్పిరిట్ వేడెక్కితే పలుచబడుతుంది, మీటరు ఇంకాస్త లోతుకు మునిగి ఎక్కువ శాతం చూపుతుంది. 40 శాతం పరిసరాల్లో, 20 దాటిన ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 తీసేయాలి. 12 డిగ్రీలకు ఇంచుమించు 4.6. అంటే మీ 48 అసలు 43.4 మాత్రమే. 20 కంటే చల్లగా ఉంటే డిగ్రీకి అంతే కూడాలి. 90 శాతం దగ్గర తేడా తక్కువ కనుక అక్కడ ఉష్ణోగ్రత సవరణల పట్టికే వాడండి.

ఇప్పుడున్న 36 శాతం స్పిరిట్ లీటరుకు 60 శాతం స్పిరిట్ 200 మిల్లీలీటర్లు కలిపితే 40కి చేరుతుంది. ఇకపై మూత పెట్టి, మంటకు దూరంగా చల్లార్చాకే కొలవండి. చక్కెర కలిపాక మాత్రం ఈ మీటరును అసలు నమ్మవద్దు.