కాన్ఫెడరేషన్స్ కప్ ఫైనల్స్‌లో ముందు ఏది చూడాలి?

ఫుట్‌బాల్‌లో ప్రపంచకప్ తప్ప ఇంకేదీ చూడని మీ అబ్బాయికి, ఖండాల విజేత జట్లు ఆడిన కాన్ఫెడరేషన్స్ కప్ ఫైనల్ ఒక్కటి చూపించాలంటే ఏది చూపించాలి, అసలు అది సీరియస్ టోర్నీయేనా అని అడిగారు. మొదటి ప్రశ్నకి నా జవాబు 2009. జొహాన్నెస్‌బర్గ్‌లోని ఎల్లిస్ పార్క్‌లో బ్రెజిల్ 3, అమెరికా 2. చాలామంది 2013 చూడమంటారు. అది రెండోది అవ్వాలి, ఎందుకో కింద చెప్తాను.

అప్పట్లో మేం గాజువాకలో అద్దెకుండేవాళ్లం. మ్యాచ్ మన టైం ప్రకారం ఆదివారం అర్ధరాత్రి, తెల్లారితే డ్యూటీ. మా వీధిలో క్రికెట్‌కైతే టీవీ ముందు చోటు దొరికేది కాదు గానీ, ఫుట్‌బాల్ కోసం మేలుకున్నది నేనూ, పక్క పోర్షన్‌లో ఉండే నేవీ ఆయనా మాత్రమే. ఆయనది కేరళ, బ్రెజిల్ అంటే ప్రాణం. 10వ నిమిషంలో అమెరికా ఆటగాడు డెంప్సీ గోల్ కొడితే నవ్వి ఊరుకున్నారు. 27వ నిమిషంలో అమెరికాకే డోనవన్ ఇంకోటి కొట్టేసరికి మాట పడిపోయింది. కౌంటర్ ఎటాక్ అంటే ఏంటో మీ వాడికి వివరించాలంటే ఆ గోల్ ఒక్కటి చాలు. హాఫ్ టైంకి 2-0. ఈయన చెప్పులేసుకుని ఇంటికెళ్లిపోయారు. సెకండ్ హాఫ్ మొదలయ్యీ కాకముందే బ్రెజిల్ ఆటగాడు లూయిస్ ఫాబియానో కొట్టేశాడు. పిట్టగోడ మీంచి నేను పిలిచిన పిలుపుకి ముందు కుక్కలు లేచాయి, తర్వాత ఆయన వచ్చారు.

ఆ తర్వాత కకా కొట్టిన హెడర్ గీత దాటినట్టే కనిపించింది. అమెరికా గోల్‌కీపర్ హోవర్డ్ బయటికి తోసేశాడు, రిఫరీ గోల్ ఇవ్వలేదు. బంతి గీత దాటిందో లేదో చెప్పే గోల్ లైన్ టెక్నాలజీ లేని రోజులు కదా, మా పక్కింటాయన రిఫరీని మలయాళంలో ఏమన్నారో నాకు అర్థం కాకపోవడమే మంచిదైంది. 74వ నిమిషంలో మళ్లీ ఫాబియానో, 84లో కార్నర్‌కి లూసియో హెడర్. అయిపోయింది.

ఈ మ్యాచ్ హైలైట్స్ చూపించకండి. ఐదు గోల్స్ వరసగా చూస్తే బ్రెజిల్ గెలవడం మామూలే అనిపిస్తుంది. మొత్తం చూస్తేనే రెండు గోల్స్ ఆధిక్యం ఉన్న జట్టు ఎలా వెనక్కి వెనక్కి జరిగి మునుగుతుందో తెలుస్తుంది. ఇంకో మాట కూడా ముందే చెప్పండి. ఇదే అమెరికా గ్రూప్ దశలో ఇటలీ చేతిలో 3-1తో, బ్రెజిల్ చేతిలో 3-0తో ఓడింది. ఇంటికెళ్లాల్సిన జట్టు ఈజిప్ట్‌ని 3-0తో కొట్టి, మరోపక్క బ్రెజిల్ ఇటలీని 3-0తో కొట్టడంతో సెమీస్‌కి వచ్చింది. అక్కడ 35 మ్యాచ్‌లుగా ఓటమి లేని స్పెయిన్‌ని 2-0తో ఓడించింది. ఇది తెలిసి చూస్తే ఆ 2-0 హాఫ్ టైం స్కోరు వేరేగా కనిపిస్తుంది.

ఇక 2013, మారకానాలో బ్రెజిల్ 3, స్పెయిన్ 0. మనకి తెల్లవారుజామున మూడున్నరకి మొదలైంది. మ్యూజిక్ ఆగిపోయాక కూడా స్టేడియం మొత్తం జాతీయగీతం పాడుతూనే ఉంటుంది, అది మాత్రం సౌండ్ పెంచి వినండి. రెండో నిమిషంలో బ్రెజిల్ ఆటగాడు ఫ్రెడ్ తను నేల మీద పడి ఉండే బంతిని లోపలికి కొట్టాడు. గీత దగ్గర డేవిడ్ లూయిజ్ ఆపిన బంతి, కాసేపటికే నెయ్‌మార్ ఎడమకాలి గోల్, సెకండ్ హాఫ్ మొదట్లో మళ్లీ ఫ్రెడ్. అక్కడితో పోటీ అయిపోయింది. స్పెయిన్ ఆటగాళ్లలో రామోస్ పెనాల్టీ బయటికి కొట్టడం, పికేకి రెడ్ కార్డ్ అన్నీ తర్వాతి లాంఛనాలే. చూడ్డానికి అద్భుతం, కానీ టెన్షన్ లేదు. దీని అసలు రుచి వెంటనే 2014 సెమీఫైనల్ చూస్తే తెలుస్తుంది. అదే బ్రెజిల్, సొంత గడ్డ మీదే, జర్మనీ చేతిలో 1-7.

సీరియస్ టోర్నీయేనా అన్నారు కదా. ఆడే జట్టుని బట్టి ఉండేదండీ. 1992లో సౌదీ అరేబియా రాజు ఫహద్ పేరు మీద రియాద్‌లో మొదలైంది. మొదటి కప్పు అర్జెంటీనాది. యూరప్ జట్లకి అంత పట్టింపు ఉండేది కాదు. 1996లో యూరప్ దేశాల కప్పు యూరో గెలిచిన జర్మనీ 1997కి రాలేదు, ప్రపంచకప్ గెలిచిన ఫ్రాన్స్ 1999కి రాలేదు. 1997 ఫైనల్లో బ్రెజిల్ ఆటగాళ్లు రొనాల్డో, రొమారియో చెరో హ్యాట్రిక్ కొట్టి ఆస్ట్రేలియాని 6-0 చేశారు, అది సరదాకి చూడండి. 1999లో అజ్‌టెకా స్టేడియంలో మెక్సికో 4-3తో బ్రెజిల్‌ని కొట్టిన మ్యాచ్‌లో మాత్రం లక్షమందికి పైగా జనం ఊగిపోయారు. ఇదేదో చిన్న టోర్నీ అని వాళ్లతో అని చూడండి! నన్నడిగితే ఉత్కంఠలో 2009కి దగ్గరగా వచ్చే ఫైనల్ ఇదే.

2003 గురించి ఒక హెచ్చరిక. లియాన్‌లో కొలంబియాతో సెమీఫైనల్ ఆడుతూ కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయె మైదానంలోనే కుప్పకూలి చనిపోయాడు. మూడు రోజులకి ఫైనల్ ఆడించారు. అదనపు సమయంలో ముందు గోల్ కొట్టిన జట్టే గెలిచే గోల్డెన్ గోల్ పద్ధతిలో, ఆన్రీ గోల్‌తో ఫ్రాన్స్ గెలిచింది. అది పిల్లలకి చూపించే మ్యాచ్ అని నేననుకోను. మీ వాడు కొంచెం పెద్దయ్యాక తనే వెతుక్కుంటాడు.

కాన్ఫెడరేషన్స్ కప్ గెలిచిన జట్టు ఆ వెంటనే వచ్చే ప్రపంచకప్ ఎప్పుడూ గెలవలేదు. 2001లో గెలిచిన ఫ్రాన్స్ 2002లో, 2017లో చిలీని 1-0తో ఓడించిన జర్మనీ 2018లో గ్రూప్ దశ కూడా దాటలేదు. శాపం అనేవాళ్లున్నారు. నాకైతే, ఏడాది ముందు కుదిరిన జట్టు ఏడాది తర్వాతా అలాగే ఉంటుందని నమ్మేయడమే కారణం అనిపిస్తుంది. పాపం 2017 జర్మనీకి ఆ మాట కూడా వర్తించదు, పెద్ద ఆటగాళ్లని ఇంట్లో వదిలేసి కుర్రాళ్లతో గెలిచింది.

2021లో ఇంకోటి జరగాల్సింది. 2022 ప్రపంచకప్ జరిగిన ఖతార్‌లో జూన్ ఎండకి ఆడలేరు, పైగా ఫిఫాకి క్లబ్బుల ప్రపంచకప్‌ని పెద్దది చెయ్యాలని ఉంది. 2019లో కాన్ఫెడరేషన్స్ కప్‌ని ఎత్తేశారు.