వణుకు ముదరకముందే రక్తపరీక్షలో పార్కిన్సన్స్ తెలుస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి పార్కిన్సన్స్ ఉంది. నాకు 48 ఏళ్లు. కొంతకాలంగా వాసనలు సరిగా తెలియడం లేదు, ఎడమచెయ్యి అప్పుడప్పుడూ వణుకుతోంది. ఏడేళ్ల ముందే రక్తపరీక్షతో ఈ జబ్బును పట్టొచ్చని చదివాను. చేయించుకోమంటారా? రోజూ గ్యాస్ మాత్ర తప్ప వేరే మందులు వాడను.
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఆ పరీక్ష కోసం ల్యాబ్‌ల చుట్టూ తిరగకండి. మీరు చదివింది బహుశా లండన్ యూనివర్సిటీ కాలేజీ, జర్మనీలోని గోటింగెన్ పరిశోధకులు 2024లో ప్రకటించిన ఫలితం. రక్తంలోని 8 ప్రొటీన్లను కంప్యూటర్ సాయంతో బేరీజు వేశారు. అయితే ముందస్తుగా పసిగట్టింది మామూలు జనంలో కాదు. కలలు వస్తుంటే అరుస్తూ, చేతులూ కాళ్లూ విసిరే నిద్ర సమస్య ఉన్న 72 మందిలో. అలాంటివారిలో చాలామందికి ఎలాగూ కొన్నేళ్లకు పార్కిన్సన్స్ లేదా దానికి దగ్గరి జబ్బు బయటపడుతుంది.

అసలు రక్తంతోనే చిక్కుంది. ఈ జబ్బులో వంకర తిరిగే ప్రొటీన్ ఆల్ఫా సిన్యూక్లిన్. రక్తంలో ఉండే ఈ ప్రొటీన్‌లో దాదాపు 99 శాతం ఎర్రకణాల్లోనే ఉంటుంది. రక్తం తీసేటప్పుడు కాసిని కణాలు పగిలినా లెక్క తారుమారే. అందుకే మోతాదు కాకుండా, వంకర రూపం ఉందా లేదా అని చూసే పద్ధతి వచ్చింది. శాంపిల్‌ను మామూలు సిన్యూక్లిన్ ద్రావణంలో కలిపి గంటల తరబడి కుదుపుతారు. చెడు ప్రొటీన్ ఉంటే పాలలో తోడులా పనిచేసి మిగతాదాన్నీ తనలా మార్చేస్తుంది, అందులో వేసిన రంగు మెరుస్తుంది. 2023లో 1,123 మందిపై వచ్చిన అధ్యయనంలో జబ్బున్నవారిలో సుమారు 88 శాతం మందిని ఇది పట్టింది. కానీ అది వెన్నులో సూది వేసి తీసిన నీటితో చేసిన పరీక్ష.

మీ విషయంలో మేం ముందు అడిగేది గ్యాస్ మాత్ర పేరు. స్ట్రిప్ వెనక లీవోసల్పిరైడ్ లేదా మెటోక్లోప్రమైడ్ అని ఉందేమో చూడండి. తలతిరుగుడుకు ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్ కూడా ఇంతే. ఇవి మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుని అచ్చం పార్కిన్సన్స్‌లాంటి వణుకు తెస్తాయి. డాక్టరుకు చెప్పి మార్పిస్తే వారాల్లోనో నెలల్లోనో తగ్గొచ్చు. మందుల వణుకైతే సాధారణంగా వాసన పోదు. కాబట్టి అది ఎప్పటినుంచో విడిగా చెప్పండి. సైనస్, కోవిడ్ వచ్చాయా అన్నదీ చెప్పండి. మలబద్ధకం, నిద్రలో అరుపులు ఉంటే అవీ దాచొద్దు.

ఇప్పుడు పనికొచ్చే రక్తపరీక్షలు వేరు: థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, మీ వయసులో విల్సన్స్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) అనుమానం వస్తే సెరులోప్లాస్మిన్.

న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లేముందు చెయ్యి ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడూ, గ్లాసు పట్టుకున్నప్పుడూ, నడిచేటప్పుడూ ఫోన్‌లో వీడియో తీయించుకోండి. వణుకు ఒక్కటే ఉంటే పార్కిన్సన్స్ అనరు. కదలిక నెమ్మదించడం తప్పనిసరి, దానికి తోడు విశ్రాంతిలో వణుకో కండరాల బిగుతో ఉండాలి. అప్పటికీ తేలకపోతే మెదడులో డోపమైన్ కణాలు ఎలా ఉన్నాయో చూపే ట్రోడాట్ స్కాన్ రాస్తారు. మందుల వల్ల వచ్చిన వణుకులో అది నార్మల్‌గానే వస్తుంది.