పబ్బుకు వసారాలెందుకు?

ప్రశ్న: అయ్యా, లండన్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు సదర్క్‌లో ‘జార్జ్’ అనే పాత పబ్బు చూపించాడు. పెద్ద వీధిలోంచి పక్కకు మళ్లి లోపలికి వెళితేగానీ కనబడదు. మేడమీద గదుల ముందు చెక్క కటకటాలతో వసారాలున్నాయి. తాగే చోటుకు అవన్నీ ఎందుకు? షేక్‌స్పియర్ ఆ పెరట్లోనే నాటకాలాడాడని పక్కనెవరో చెప్పుకుంటుంటే విన్నాను. నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు షేక్‌స్పియర్ సంగతి తేల్చేద్దామమ్మా. ఆయన పోయింది 1616లో. 1676లో సదర్క్ తగలబడినప్పుడు అక్కడున్న పాత సత్రం కూడా పోయింది. మీరు చూసినది ఆ మరుసటేడు, 1677లో కట్టింది. కాబట్టి ఆ వసారాల కింద ఆయన నిలబడే వీలే లేదు. ఇలాంటి సత్రాల పెరళ్లలో నాటకాలాడిన మాట మాత్రం నిజం. బళ్లు నిలిచే చోట వేదిక వేస్తే, పై వసారాలే బాల్కనీ అయిపోయేవి. ఆ నిజానికి ఎవరో ఈ కట్టడాన్ని తగిలించారు.

ఇక వసారాలు. జార్జ్‌ని తాగే చోటు అనుకుంటే అవి అర్థం కావు. అది డబ్బిచ్చి దిగే సత్రం. గుర్రబ్బళ్లు వచ్చి ఆగే చోటు. 1750లో వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన తెరిచేదాకా లండన్ నగరంలో థేమ్స్ నది మీద ఉన్న వంతెన లండన్ బ్రిడ్జి ఒక్కటే. నదికి దక్షిణాన ఉన్న డోవర్, కాంటర్బరీ ఊళ్ల వైపు నుంచి ఆ వంతెనకు వచ్చేవాళ్లంతా దాని ముందున్న బరో హై స్ట్రీట్ మీదుగానే రావాలి. రాత్రి వంతెన తలుపులు మూసేవాళ్లు. ఆలస్యమైనవాడు ఎక్కడ పడుకోవాలి? అందుకే ఆ వీధి పొడవునా సత్రాలే. వీధివైపు జాగాకు గిరాకీ ఎక్కువ, అందుకని ముఖం ఇరుకు, లోపల పెరడు పొడుగు. బండి దూరేంత దారి, ఆ వెనక గదులు, గుర్రపుశాలలు, సామాన్ల కొట్లు. కింగ్స్ హెడ్ యార్డ్, వైట్ హార్ట్ యార్డ్ అని ఆ వీధిలో సందులకు ఇప్పటికీ ఉన్న పేర్లు ఈ సత్రాలవే.

నలభై ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీసి బతికినవాణ్ణి. నన్ను అన్నిటికన్నా విసిగించింది నడవా. ఎవరూ అందులో పడుకోరు, కూర్చోరు, కానీ జాగా మాత్రం మింగేస్తుంది. అది లేకపోతే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడవాలి. ముక్కూమొహం తెలియని మనుషులు దిగే సత్రంలో అదెలా కుదురుతుంది? ఇరుకు జాగాలో వరసకు ఒక్క గది వెడల్పే దొరుకుతుంది. లోపల నడవా పెడితే గదిలో సగం పోతుంది. అందుకని వడ్రంగులు నడవాను తీసి గోడ బయట వేలాడదీశారు. అదే మీరు చూసిన వసారా. ప్రతి గదికీ సొంత తలుపు. తలుపు తీసి కటకటాల దగ్గర నిలబడితే కింద తన బండీ, తన మూటలూ కనబడతాయి. ఇంత తెలివైన ప్లాను నేను గీసిన వాటిలో ఒక్కటీ లేదు. లోపమూ ఉందనుకోండి: ఆ దేశపు చలిలో, వానలో, చేతిలో కొవ్వొత్తి ఆరిపోకుండా గదిదాకా వెళ్లడం ఆ రోజుల బాటసారికే తెలియాలి.

మీకు ఒక్క వరసే కనబడింది కదా. అది కొరత, ప్లాను కాదు. 1836లో దగ్గర్లోనే లండన్ బ్రిడ్జి రైల్వే స్టేషను వచ్చింది, క్రమంగా బళ్ల రాక ఆగిపోయింది. చివరికి ఆ చోటు గ్రేట్ నార్తర్న్ రైల్వే చేతికే పోయింది. వాళ్లు 1889లో రెండు వైపుల వరసలు కూల్చేసి, దక్షిణం వైపుది వదిలారు. పెరటి చుట్టూ వసారాలున్న బళ్ల సత్రాల్లో లండన్‌లో మిగిలింది అదొక్కటే. ఆ ముక్క 1937లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు చేరింది. ఇచ్చిందీ ఒక రైల్వే కంపెనీయే!

ఈసారి వెళితే ఆ వసారాలకు వీపు పెట్టి పెరట్లో నిలబడండి. ఎదురుగా కనబడే కొత్త గోడల చోట కూడా ఒకప్పుడు గదుల వరస ఉండేది.