సత్య నాదెళ్ల పనితీరు: మాట మెత్తన, లెక్క గట్టి

"మైక్రోసాఫ్ట్‌లో ఆఫర్ వచ్చింది. సీఈఓ మనవాడు, పైగా ఎదుటివాడి బాధ తెలిసిన మనిషంటారు. ఉద్యోగానికి ఢోకా లేనట్టేనా?" మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న అమెరికా ఊరు రెడ్‌మండ్‌కు కొత్తగా వచ్చే తెలుగువాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది.

మనవాడే, హైదరాబాద్‌లో పుట్టి బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవాడు. వీసా తిప్పలూ తెలుసు. గ్రీన్ కార్డు మీద ఉంటే భార్యను తెచ్చుకోవడానికి ఏళ్లు పడుతుందని, 1994లో ఆ కార్డునే వదులుకుని, భార్యను త్వరగా తెచ్చుకునే వీలున్న తాత్కాలిక ఉద్యోగ వీసా హెచ్-1బీకి మారాడు. కానీ ఈ ఊరి వరస మీ కొలువుకు పూచీ కాదు.

ముందు ఆయన బలం చూద్దాం. 2014 ఫిబ్రవరి 4న ఆయన పగ్గాలు అందుకునే నాటికి కంపెనీలో విభాగానికీ విభాగానికీ పడేది కాదు. జట్టులో అందరూ బాగా చేసినా ఎవరో ఒకరికి అడుగు మార్కు వేయక తప్పని ర్యాంకుల పద్ధతి అందుకు ఒక కారణం. దాన్ని తీసేసింది నాదెళ్ల అనుకుంటారు గానీ, 2013 నవంబర్‌లో, ఆయనకు ముందు సీఈఓగా ఉన్న స్టీవ్ బామర్ హయాంలోనే అది పోయింది. నాదెళ్ల చేసింది దాని తర్వాతి పని. అన్నీ తెలుసనేవాడికన్నా నేర్చుకుంటాననేవాడికి విలువ పెంచాడు. పోటీదారు యాపిల్ ఐప్యాడ్‌కు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఇచ్చాడు, విండోస్‌కు పోటీగా ఉన్న లినక్స్‌తో చెయ్యి కలిపాడు, నోకియా ఫోన్ల కొనుగోలు కలిసిరాలేదని తేలాక 2015లో 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేశాడు. పరువుకు పోయి ఓడిన పందెం మీద ఇంకా డబ్బు పెట్టకపోవడమే ఆయనలో అసలు గొప్ప.

ఈ తీరు మీ దాకా వచ్చేది 'కనెక్ట్' అనే సమీక్ష పత్రం రూపంలో. అందులో మూడు చూస్తారు: మీరు సొంతంగా సాధించింది, ఇతరుల విజయానికి మీరు తోడ్పడింది, ఇతరుల పనిని మీరు వాడుకుని ముందుకు తీసుకెళ్లింది. మనవాళ్లు రెండు రకాలుగా దెబ్బ తింటారు. కొందరు మొదటి గడి నింపి మిగతా రెండూ వదిలేస్తారు. కొందరు మొహమాటానికి "టీమ్ అంతా చేశాం" అని రాసి తమ వాటాను తామే చెరిపేసుకుంటారు. "బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేసే పని) బాగుచేశాను" అని సరిపెట్టకండి. "బిల్డ్ సమయం 40 నిమిషాల నుంచి 12కి దిగింది, మరో రెండు జట్లు దీన్నే వాడుతున్నాయి" అన్నట్టు రాయండి. శుక్రవారం పది నిమిషాలు కూర్చుని ఆ వారం లెక్క నోట్ చేసుకుంటే సమీక్ష రోజున తడుముకోనక్కర్లేదు. 2024 నుంచి భద్రతకు మీరేం చేశారన్నదీ సమీక్షలో ఉంది. అదేమీ ముందుచూపుతో వచ్చింది కాదు. 2023లో చైనాతో సంబంధమున్న హ్యాకర్లు మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో (ఇంటర్నెట్ మీద అద్దెకిచ్చే కంప్యూటర్లలో) ఉన్న అమెరికా ప్రభుత్వ ఈమెయిళ్లలోకి చొరబడ్డాక, కంపెనీ భద్రతా సంస్కృతి చాలదని అమెరికా ప్రభుత్వ సమీక్ష బోర్డు తేల్చింది. క్లౌడ్ వేగంగా పెంచే ఊపులో తాళాల సంగతి వెనకబడింది. ఇది నాయకత్వ లోపమే.

మరో లోపం జీతాల దగ్గర. 2014 అక్టోబర్‌లో మహిళా ఇంజనీర్ల సభలో, జీతం పెంచమని అడగడం కాదు, వ్యవస్థ మీద నమ్మకం ఉంచాలి అన్నాడు. దుమారం రేగడంతో ఆ రోజే తప్పు ఒప్పుకుని, అర్హత ఉందనుకుంటే అడగండి అని రాశాడు. ఆ రెండో మాటే పట్టుకోండి. 2023లో కంపెనీ జీతాల పెంపు ఆపేసింది కూడా. అందుకే బేస్ జీతం, స్టాక్ చేరేముందే బేరమాడాలి.

ఇక కోతలు. 2014లో 18,000 మంది, 2023 జనవరిలో 10,000, 2025 జులైలో సుమారు 9,000. లేఖలు ఎంతో మర్యాదగా ఉంటాయి. మెత్తటి మాట చూసి మెత్తటి నిర్ణయం అనుకునేవాడే మోసపోతాడు.

ఉద్యోగం పోతే హెచ్-1బీ మీద ఉన్నవారికి అమెరికాలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 పత్రం గడువు ముందే ముగిస్తే అంతవరకే. సాధారణంగా ఏ రోజు వరకు జీతం కట్టి ఇచ్చారో ఆ రోజు నుంచి లెక్క, విడిగా ఇచ్చే పరిహారం మొత్తం ఆ గడువును పెంచదు. కోతల దెబ్బ ఉద్యోగం నిలిచినవారికీ తగులుతుంది. అదే ప్రాంతంలో అదే తరహా ఉద్యోగులను తీసేస్తే, తర్వాతి ఆరు నెలల్లో పెర్మ్ (గ్రీన్ కార్డుకు కంపెనీ వేసే మొదటి దరఖాస్తు) వేయాలంటే ముందు తీసేసినవారికి ఆ ఉద్యోగం సంగతి తెలియజేసి, వారిని పరిశీలించాలి. అందుకని కంపెనీలు దాన్ని వాయిదా వేస్తుంటాయి. పెర్మ్ తర్వాత కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదమై 180 రోజులు దాటితే మాత్రం కంపెనీ వెనక్కి తీసుకున్నంత మాత్రాన అది రద్దు కాదు, గ్రీన్ కార్డు వరసలో మీ స్థానాన్ని చెప్పే ప్రయారిటీ డేట్ మీతోనే ఉంటుంది. కాబట్టి పెర్మ్ ఎప్పుడు మొదలుపెడతారో సంతకానికి ముందే రిక్రూటర్‌ను మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పినా, జవాబు మెయిల్‌లో పెట్టమనండి.