ఫ్లోరిడాల గోల్ఫ్ కోర్సు పక్కన ఇల్లు కొందామనుకునే మన వరంగల్ పిల్లలకు

"అన్నా, టాంపాల జాబు, హెచ్ వన్ బీ మీదున్న, సరసోటా దిక్కు ఒక గోల్ఫ్ కమ్యూనిటీల ఇల్లు చూసినం, గేటు, చెరువు, క్లబ్‌హౌసు అన్నీ మస్తున్నయి, బాపు అవ్వ చలికాలం వచ్చి ఉంటరు, కొనొచ్చా?" ఈ సందేహం ఈ నడుమ మన హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ పిల్లల దగ్గర్నుంచి బాగ వస్తున్నది. కొనొద్దని నేనెవ్వరికి చెప్ప, నేను గూడ అసొంటి కమ్యూనిటీలనే ఉంటున్న. కాని మనోళ్ళు లిస్టింగుల రేటు చూసి, వడ్డీ లెక్కేసి, నెలకు ఈఎంఐ కట్టగలుగుతమా లేదా అని చూసుకొని అక్కడికే ఆగిపోతున్నరు. ఈడ ఇంటి రేటు కన్న దాని ఎన్క నెలనెలా పొయ్యే పైసలే అసలు సంగతి, లోను తీరిపోయినా అవి తీరయి.

ముందుగాల గోల్ఫు ముచ్చట. కొన్ని కమ్యూనిటీలల్ల బండిల్డ్ అంటరు, ఇల్లు కొంటే మెంబర్‌షిప్పు దాంతోనే వస్తది, నువ్వు కర్ర పట్టినా పట్టకపోయినా పైసలు కట్టుడు మాత్రం తప్పదు, నేపుల్స్, బొనీటా స్ప్రింగ్స్, ఎస్టెరో దిక్కు ఇసొంటివి చాన ఉన్నయి. ఇంకొన్నిట్ల ఈక్విటీ క్లబ్బు ఉంటది, మెంబర్లే ఓనర్లు, చేరేటప్పుడు పెద్ద మొత్తం కట్టాలె, పొయ్యేటప్పుడు అండ్ల ఎంత తిరిగొస్తది, ఎప్పుడొస్తది అన్నది క్లబ్బు కాయితాలల్ల ఎట్లుంటే అట్లనే, ఏజెంటు నోటి మాట నమ్మొద్దు. ఇల్లు వేరు, క్లబ్బు వేరు, ఇష్టముంటే చేరు లేకుంటే లేదు అనేవి గూడ ఉంటయి. చిన్న పిల్లలున్నోళ్ళు, వారానికొక్కసారన్న ఆడనోళ్ళు ఈ ఆఖరు రకమే చూసుకోండి అని నేనంట. కాకపోతే అండ్లొక చిక్కున్నది, కోర్సు వేరే ఓనరుది అయితే ఆయన నష్టమొస్తుందని మూసేసి ఆ జాగల ఇండ్లు కడ్తా అని పర్మిషన్‌కు పోవచ్చు, అప్పుడు నువ్వు ఎక్స్‌ట్రా పెట్టి కొన్న పచ్చని వ్యూ పోయినట్టే. ఆ భూమి గోల్ఫుకే కట్టుబడి ఉండాలని రికార్డులల్ల షరతు ఉన్నదా అని టైటిల్ చూసే లాయరును అడగండి.

క్లబ్బు ఉన్నకాడ ఫుడ్ అండ్ బెవరేజ్ మినిమం అని ఒకటి ఉంటది, ఏడాదికి ఇంత అని వాళ్ళ రెస్టారెంట్ల తినాలె, తినకపోయినా బిల్లొస్తది. జొన్నరొట్టె లేంది ముద్ద దిగని బాపు ఆడ ఏం తింటడు చెప్పు, ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప! దానికి తోడు కొనేటప్పుడు ట్రాన్స్‌ఫర్ ఫీజు, క్యాపిటల్ కాంట్రిబ్యూషన్ (చేరేటప్పుడు నిధికి ఒక్కసారి కట్టేది), ఇంక గ్రీన్స్ (గుంత చుట్టూ ఉండే సన్న గడ్డి జాగ) మళ్ళ ఏసినా, నీళ్ళ పైపులు మార్చినా, తుఫానుకు క్లబ్‌హౌసు కప్పు లేసిపోయినా స్పెషల్ అసెస్‌మెంటు పేరు మీద మన నెత్తినే. అందుకే ఇండ్ల ఓనర్ల అసోసియేషన్ బడ్జెట్టు, పెద్ద రిపేర్లకు దాచిపెట్టే రిజర్వ్ ఫండ్ల ఎంతున్నది, పోయిన ఏడాది మీటింగు మినిట్స్, ఈ మూడు చేతికి రానిది సంతకం పెట్టకండి. మినిట్స్ తప్పకుండ చదవండి, రాబొయ్యే ఖర్చు సంగతి ముందుగాల ఆ కొట్లాటలల్లనే బయటపడ్తది.

కొత్త కమ్యూనిటీ అయితే ఇంకో మాట. 90 శాతం ఇండ్లు అమ్ముడుపోయి మూడు నెలలు అయ్యేదాంక అసోసియేషన్ మామూలుగ బిల్డరు చేతులనే ఉంటది, అప్పటిదాంక నెల ఫీజు తక్కువ ఉంటే మురిసిపోకండి, ఓనర్ల చేతికి వచ్చినంక అసలు లెక్క తేల్తది. సీడీడీ (కమ్యూనిటీ డెవలప్‌మెంట్ డిస్ట్రిక్టు) అని గూడ వింటరు, 1980ల వచ్చిన ఫ్లోరిడా చట్టం కింద రోడ్లకు, మోరీలకు, చెరువులకు బాండ్ల మీద అప్పు తెచ్చి పెట్టిన ఖర్చు అది, ఏండ్లకొద్ది ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లుల కలిసి వస్తది. అదే సైజు రెండిండ్లల్ల ఒకటి చీప్ ఉన్నదంటే ముందు సీడీడీ బాకీ ఎంతున్నదో చూడండి.

ఇంగ నీళ్ళు. మన దిక్కు ప్లాటు కొనేటప్పుడు శిఖం భూమా, ఎఫ్‌టీఎల్ లోపల ఉన్నదా అని అడగనోడు ఉంటడా? వానకాలం నయీంనగర్ నాలా ఎట్ల పొంగుతదో చూసి పెరిగినోళ్ళం. అసొంటి మనిషే ఫ్లోరిడాకు వచ్చి లేక్ వ్యూ అనంగనే ఇంకిన్ని డాలర్లు ఎక్కువిస్తడు. ఆ చెరువులల్ల చానమట్టుకు వాననీళ్ళు ఆపెటందుకు తవ్వినయే, ఆ మట్టి తోటే ఇండ్ల కింద జాగ ఎత్తు చేస్తరు. ఫెమా (అమెరికా సర్కారు విపత్తుల ఏజెన్సీ) వరద మ్యాపుల ఇంటి అడ్రసు కొట్టి చూడండి, ఏఈ, వీఈ అని ఉంటే రిస్కు జోను, వీఈ అంటే అలల దెబ్బ గూడ ఉంటది. ఎక్స్ అని ఉంటే బ్యాంకు మామూలుగ ఫ్లడ్ ఇన్సూరెన్స్ అడగది, అంతే, నీళ్ళు రావని కాదు. మామూలు హోమ్ ఇన్సూరెన్సుల వరద నష్టం ఉండదు, అది వేరే తీసుకోవాలె, సర్కారు వరద బీమా ఎన్ఎఫ్ఐపీల ఇంటికి ఎక్కువల ఎక్కువ 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000. తీసుకున్న 30 రోజులకు గాని అమలు కాదు, లోను క్లోజింగు తోటి కలిపి తీసుకుంటే ఆ ఆగుడు ఉండదు. తుఫాను టీవీల కనవడ్డంక ఫోన్ చేస్తే పని కాదు.

2022 సెప్టెంబర్ 28న ఇయాన్ తుఫాను వచ్చినప్పుడు ఫోర్ట్ మయర్స్ బీచ్‌ల 10 అడుగులకు పైన సముద్రం నీళ్ళొచ్చినయి, అదే లోపలికి, ఎత్తు మీద కట్టిన బాబ్‌కాక్ రాంచ్‌ల కరెంటు గూడ పోలేదు. 2024ల హెలీన్ తుఫాను పోయిన రెండు వారాలకే అక్టోబర్ 9న మిల్టన్ తుఫాను సరసోటా దగ్గరి సియెస్టా కీల తీరం దాటింది. అందుకే బీచ్ ఎంత దగ్గర అన్నది కాదు, జాగ ఎంత ఎత్తు అన్నది అడగండి, బీచుకు అరగంట కారుల పోవచ్చు. 2024 అక్టోబర్ 1 నుంచి అమ్మెటోడు ఇంటికి సంబంధించిన వరద క్లెయిముల ముచ్చట కాయితం మీద రాసియ్యాలె, అది అడిగి తీసుకోండి.

హరికేన్ డిడక్టిబుల్ శాతంల ఉంటది, 5,00,000 డాలర్ల ఇంటి కవరేజీకి 2 శాతమంటే 10,000, 5 శాతమంటే 25,000, అంత పైస మీ జేబుల నుంచి పోయినంకనే కంపెనీ ఇస్తది. కప్పు పాతదైతే ప్రీమియం మండుతది. 1992ల ఆండ్రూ తుఫాను చేసిన నాశనం తర్వాత రాష్ట్రమంతటికి ఒక్కటే బిల్డింగు కోడు 2002ల అమలైంది, అటెన్క కట్టిన ఇల్లు అయితే మంచిది, విండ్ మిటిగేషన్ రిపోర్టు (ఇల్లు గాలిని ఎంత తట్టుకుంటదో చూసి రాసేది) ఉంటే ప్రీమియంల తగ్గింపు గూడ వస్తది. యాజ్ ఈజ్ (ఇల్లు ఉన్నది ఉన్నట్టు కొనే) కాంట్రాక్టుల వేరే రాసుకోకుంటే ఇన్‌స్పెక్షన్‌కు 15 రోజులుంటయి, ఇన్సూరెన్స్ కొటేషన్ ఆ లోపలనే చేతికి రావాలె, లేకుంటే అడ్వాన్సు ఇరుక్కుంటది.

ట్యాక్సు సంగతి జర పక్కాగ వినండి. లిస్టింగుల చూపిచ్చేది పాత ఓనరు ట్యాక్సు. హోమ్‌స్టెడ్ (ఓనరు తానే ఉండే సొంతింటికి ఇచ్చే ట్యాక్సు తగ్గింపు) ఉన్న ఇంటికి ఏడాదికి 3 శాతం లేదా ధరల పెరుగుదల, ఏది తక్కువైతే అంతకు మించి అసెస్‌మెంటు పెరగొద్దని రూలు, ఇరవై ఏండ్లు ఉన్న ముసలాయన కట్టేది చాన తక్కువ ఉంటది, మీరు కొన్నంక వచ్చే జనవరి 1కి మార్కెట్ రేటు మీద కొత్త లెక్క. మీ హోమ్‌స్టెడ్‌కు మార్చి 1 లోపల అప్లై చెయ్యాలె. గ్రీన్ కార్డు లేనోళ్ళకు మామూలుగ అది రాదు, కాని మీ మీద ఆధారపడి ఆ ఇంట్లనే ఉండే పిల్లలు సిటిజన్లయితే దారున్నది, కౌంటీ ప్రాపర్టీ అప్రైజర్ ఆఫీసుల అడగండి. లోను గూడ అంతే, 2025 మే నుంచి వీసా మీద ఉన్నోళ్ళకు సర్కారు బీమా ఉండే ఎఫ్‌హెచ్ఏ లోను లేదు, ఆ బీమా లేని కన్వెన్షనల్ లోను చూసుకోవాలె. కొన్ని దేశాలోళ్ళు ఆస్తి కొనుడు మీద 2023ల ఫ్లోరిడా తెచ్చిన చట్టంల ఇండియా పేరు లేదు, భయపడకండి, క్లోజింగుల ఒక అఫిడవిట్ మీద సంతకం పెడ్తరు అంతే.

55 ప్లస్ (55 ఏండ్లు దాటినోళ్ళకు) అని బోర్డున్న కమ్యూనిటీ చానమట్టుకు మనకు పనికిరాదు, చిన్న పిల్లల్ని ఉండనియ్యరు. రేటు తక్కువున్నదని మనోళ్ళు ముందు అవే చూస్తున్నరు.

ఇల్లు ఏ దిక్కున్నదో గూడ చూడండి. కొత్తగ ఆడెటోళ్ళల్ల ఎక్కువమందికి బంతి కుడి దిక్కు వంకర పోతది, అందుకే టీ (మొదటి దెబ్బ కొట్టే జాగ) కాడి నుంచి 150, 250 గజాల నడుమ కుడిపక్క ఇండ్ల కిటికీలే ఎక్కువ పలుగుతయి. ఆకిట్ల కూసున్న అవ్వకు తాకితే ఎట్ల? చెరువులల్ల మొసళ్ళుంటయి, నవ్వులాట కాదు, బతుకమ్మను అండ్ల సాగనంపుదామని ఒడ్డుకు దిగకండి, టబ్బుల నీళ్ళు పెట్టుకొని ఆడుకోండి. ఆ పండుగ రోజులే తుఫాన్ల సీజను గూడ, అది జూన్ 1 నుంచి నవంబర్ 30 దాంక. బాపు లుంగీ ఎనక ఆరేస్తే అసోసియేషన్ చిట్టీ పంపుతరని భయపెడ్తరు, ఫ్లోరిడా చట్టం బట్టలారేసే తీగెను పూర్తిగ బంద్ పెట్టనియ్యది. కిరాయికిచ్చే రూల్స్ మాత్రం గట్టివి, ఏడాదికి ఇన్నిసార్లే, కనీసం ఇన్ని రోజులకే అని ఉంటది, ఆరు నెలలు కిరాయికిచ్చి లోను కడ్తమన్న లెక్కలు ఆ రూల్స్ చదవక ముందే ఏసుకోకండి. నేపుల్స్ నుంచి టాంపా గుడికి రెండున్నర గంటలు, అది గూడ అవ్వకు చెప్పి ఒప్పించండి.

డౌన్ పేమెంటుకు హన్మకొండల ప్లాటు అమ్ముతున్నోళ్ళకు ఒక్క మాట. ఎన్నారై అమ్మితే కొనేటోడు టీడీఎస్ పట్టాలె, అది లాభం మీద కాదు, మొత్తం రేటు మీద పట్టే కాడికి వస్తది, ముందుగాల ఇన్‌కం ట్యాక్సు ఆఫీసు నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోకుంటే పైసలు రీఫండు దాంక ఇరుకుతయి. ఎన్ఆర్ఓ (ఎన్నారైలకు ఇండియాల ఉండే) ఖాతా నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాంక పంపుకోవచ్చు, సీఏ సర్టిఫికెట్ కావాలె. అమెరికాల బ్యాంకోడు రెండు నెలల స్టేట్‌మెంట్లు చూసి పెద్ద మొత్తం ఏడికెల్లి వచ్చిందని అడుగుతడు, సేల్ డీడు కాపీ, బ్యాంకు రసీదులు ఇంగ్లీషుల రెడీ పెట్టుకోండి. రేపు అన్నీ సర్దుకొని వరంగల్ వచ్చేసినంక ఆ ఫ్లోరిడా ఇల్లు అమ్మితే, అప్పటికి మీరు అమెరికాల ట్యాక్సుకు రెసిడెంటు కాకుంటే, కొనేటోడు మామూలుగ అమ్మిన రేటుల 15 శాతం పట్టి అమెరికా ట్యాక్సు శాఖ ఐఆర్ఎస్‌కు కడ్తడు, రిటర్ను ఏస్తే ఎక్కువైంది తిరిగొస్తది. దేశం మారే ముందే అమ్ముడా, వచ్చినంకనా అన్నది ట్యాక్సు మనిషితోటి అప్పుడే కూసొని తేల్చుకోండి.